పరాయి సముద్రంలో పగడపు దిబ్బల కాపలా



ఈనాటి ప్రసంగ విషయం వినగానే మీలో కొందరికి నవ్వు వచ్చి ఉంటుంది. చంద్రపూర్ ఎక్కడ, సముద్రం ఎక్కడ? మన చాందా నుంచి ఏ సముద్రతీరానికి బయలుదేరినా ఐదారు వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తే గాని ఉప్పునీరు కంటబడదు. మనం చూసిన పెద్ద నీళ్ళంటే ఇరై జలాశయం, వానాకాలంలో వర్ధా వరద, సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. అంతే. అలాంటి చోట కూర్చుని, విదేశాలకు వెళ్ళి సముద్రంలో మునిగి పగడపు దిబ్బలను కాపాడే స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడడం ఏమిటని మీరు అడగవచ్చు.

కారణం ఉంది. బల్లార్షా, రాజురా, చంద్రపూర్ బడుల్లో చదువుకున్న మన పిల్లలు ఇప్పుడు పుణేలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఉన్నాయి, సంవత్సరానికి నాలుగు వారాల సెలవు ఉంది. ఏదైనా మంచి పని చేయాలని మనసులో ఉంది. అప్పుడు ఫోనులో ఒక ప్రకటన కనబడుతుంది. నీలి నీళ్ళు, రంగురంగుల చేపలు, మధ్యలో వీపుకు గాలి సిలిండరు కట్టుకున్న మనిషి. “మా దీవికి రండి, పగడపు దిబ్బలను కాపాడండి” అని కింద రాసి ఉంటుంది. ఇండోనేషియా, మలేషియా, థాయిలాండ్, ఫిజీ, మారిషస్ ఇలా ఎన్నో దేశాల పేర్లు. పిల్లలు ఉత్సాహపడతారు. తల్లిదండ్రులు బడికి వచ్చి నాబోటి మాస్టర్లను అడుగుతారు. “సార్, ఇది మంచి పనేనా, డబ్బు దండగా? ప్రాణానికి ఏమీ కాదు గదా?” అని. వాళ్ళకు విడివిడిగా చెప్పిన మాటలే ఇవాళ మీ అందరికీ కలిపి చెబుతున్నాను.

ముందు పగడం అంటే ఏమిటో చూద్దాం. మరాఠీ పుస్తకంలో ప్రవాళ్ అంటారు, తెలుగు పుస్తకంలో ప్రవాళ భిత్తిక అంటారు. రెండు బడుల పిల్లలకూ పేరు తెలుసు, వస్తువు తెలియదు. మన ఆడవాళ్ళు పుస్తెలతాడులో నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్ర పగడం ఈ దిబ్బల నుంచి వచ్చింది కాదు. ఆ ఎర్ర పగడానికి పేరుపడ్డది మధ్యధరా సముద్రం. అది వేరే జాతి. నేను చెబుతున్నది దిబ్బలు కట్టే పగడం. చూడడానికి రాయిలాగానో, చెట్టు కొమ్మలాగానో ఉంటుంది గాని, అది రాయీ కాదు, చెట్టూ కాదు. ప్రాణి. వేలాది చిన్న చిన్న జీవులు పక్కపక్కనే కాపురం ఉంటూ, సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని తమ కింద గట్టి గూడు కట్టుకుంటాయి. పాత గూటి మీద కొత్త గూడు, దాని మీద ఇంకొకటి. గుండ్రాయిలా పెరిగే జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. కొమ్మల జాతులు పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ఇలా కట్టిన దిబ్బల్లో అన్నిటికంటే పెద్దదైన ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ పొడవు 2,300 కిలోమీటర్లు.

ఈ జీవి శరీరంలో కంటికి కనబడనంత చిన్న నాచు మొక్కలు అద్దెకు ఉంటాయి. అవి ఎండను పట్టి ఆహారం తయారుచేసి, అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికే ఇస్తాయి. పగడానికి ఆ రంగులు కూడా చాలామటుకు వాటి వల్లనే. అందుకే పగడానికి ఎండ తగిలే లోతు కావాలి, తేటనీరు కావాలి. మన గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది, కోరింగ ప్రాంతాల్లో పగడపు దిబ్బలు ఎందుకు లేవని పిల్లలు అడుగుతారు. నది తెచ్చే ఒండ్రుమట్టి, మంచినీరే కారణం. మన జట్‌పురా గేటు మురికికాలువలో పడ్డ ప్లాస్టిక్ సంచి ఝర్‌పట్ నుంచి ఇరైకి, ఇరై నుంచి వర్ధాకు, ప్రాణహితకు, గోదావరికి చేరి, దారిలో ఎక్కడా చిక్కుకోకపోతే ఆ సముద్రానికే పోతుంది. సముద్రం మనకు దూరమే గాని, మనం సముద్రానికి అంత దూరం కాము.

ఇంకో మాట. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు తవ్వుతున్న సున్నపురాయి ఉంది చూడండి, అది ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నదే. పగడాలు ఇంకా పుట్టని అతి ప్రాచీన కాలం నాటిది. అంటే సముద్రం ఒకసారి చాందాకు వచ్చి వెళ్ళిందన్నమాట!

ప్రపంచంలో సముద్రపు అడుగు మొత్తంలో పగడపు దిబ్బలున్న చోటు ఒక శాతం కూడా లేదు. కానీ సముద్రజీవుల్లో సుమారు నాలుగో వంతు జాతులు తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వీటి ఆసరా మీద బతుకుతాయి. చేపపిల్లలకు ఇది బాలవాడి వంటిది. తీరంలో ఉన్న పల్లెకు తుపాను కెరటాల నుంచి ఇదే అడ్డుగోడ. చేపల వేట మీద బతికే దీవుల జనానికి దిబ్బ చచ్చిపోవడమంటే మనకు చెరువు ఎండిపోవడం వంటిది.

మరి దిబ్బ ఎందుకు చస్తుంది? వేడి వల్ల. మనం మే నెలలో 46, 47 డిగ్రీల ఎండలో కూడా బజారుకు పోయి వచ్చేవాళ్ళం. కానీ మన ఒంట్లో ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరిగితే మంచం పడతాం గదా. పగడం పరిస్థితి అంతకంటే సున్నితం. వేసవిలో ఉండే మామూలు వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై, అలాగే కొన్ని వారాలు ఉండిపోతే, పగడం తన శరీరంలోని నాచును బయటికి వెళ్ళగొడుతుంది. రంగు పోయి తెల్లగా సున్నం వేసినట్టు కనబడుతుంది. వెంటనే చావదు. నీరు తొందరగా చల్లబడితే నాచు తిరిగి వస్తుంది. చల్లబడకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 1998లో ప్రపంచవ్యాప్తంగా ఇలా మొదటిసారి జరిగింది. మన లక్షద్వీప్ దిబ్బలు కూడా అప్పుడు బాగా దెబ్బతిన్నాయి. తరువాత 2010లో, మళ్ళీ 2014 నుంచి 2017 దాకా. నాలుగోసారి 2023లో మొదలైంది. ఆ సంగతి అమెరికా సముద్ర వాతావరణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2025 నాటికి ప్రపంచంలోని దిబ్బల్లో 84 శాతానికి ఆ వేడి తగిలిందని లెక్క తేలింది.

లెక్క అన్నాను. ఈ లెక్క ఎవరు తీస్తారు? ఇక్కడే స్వచ్ఛంద సేవకులు వస్తారు.

మీలో ఎంతమంది తాడోబా అడవిలో వైశాఖ పౌర్ణమి రాత్రి మంచె మీద కూర్చున్నారో నాకు తెలియదు. బుద్ధపూర్ణిమ నాడు వెన్నెల వెలుగులో నీటిగుంట దగ్గర మంచె కట్టి, అటవీశాఖవారు మామూలు మనుషులను కూర్చోబెడతారు. చేతిలో కాగితం, పెన్సిలు. దుప్పి వచ్చిందా, ఎన్ని, ఎన్ని గంటలకు; అడవిపంది వచ్చిందా, ఎలుగు వచ్చిందా. పులి వస్తే అదృష్టం. రాకపోతే రాలేదని రాయాలి. పగడపు దిబ్బ మీద సేవ కూడా ఇలాంటిదే. మంచె నీళ్ళ కింద ఉంటుంది, అంతే తేడా.

రీఫ్ చెక్ అనే సంస్థ 1997 నుంచి ఈ పద్ధతిని దేశదేశాల్లో నడుపుతోంది. శాస్త్రజ్ఞుడు కానివాడు కూడా నేర్చుకోగలిగేలా దాన్ని రూపొందించారు. దిబ్బ మీద 100 మీటర్ల టేపు పరుస్తారు. అందులో 20 మీటర్ల ముక్కలు నాలుగు, మధ్యలో ఐదేసి మీటర్లు ఖాళీ. ఒకరు టేపు వెంట ఈదుతూ ప్రతి అర మీటరుకు కింద ఏముందో రాసుకుంటారు. బతికిన పగడమా, ఈమధ్యనే చచ్చిన పగడమా, నాచా, ఇసుకా, రాతిముక్కలా? ఇంకొకరు టేపుకు రెండు పక్కలా రెండున్నర మీటర్ల మేర చేపలను లెక్కపెడతారు. అన్ని చేపలనూ కాదు, కొన్ని ఎంచిన జాతులనే. సీతాకోకచిలుక చేప, చిలుక చేప, గ్రూపర్ వంటివి. జనం ఎక్కువ పట్టి తినే చేపలు తగ్గాయా, దిబ్బను నాచు కమ్మకుండా గీకి తినే చేపలు తగ్గాయా అన్నది వీటిని బట్టి తెలుస్తుంది. మరొకరు నత్తలు, సముద్రపు ముళ్ళకాయలు, రొయ్యజాతులు చూస్తారు. వచ్చే ఏడాది ఇంకెవరో వచ్చి, అదే చోట, అదే టేపు మీద, అదే లెక్క రాస్తారు.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఇలాంటి పనికి మలేషియా తూర్పు తీరంలోని ఒక దీవికి వెళ్ళి వచ్చింది. పేరు చెప్పను, ఆమెకు ఇష్టం లేదు. తండ్రి బొగ్గు గనిలో పని. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, తండ్రి డ్యూటీలో హిందీ. ఈ మూడు భాషల మధ్య పెరిగిన పిల్ల. తిరిగి వచ్చాక తొమ్మిదో తరగతి పిల్లలకు తన అనుభవం చెప్పమన్నాను. “సార్, నేను చేపలను చూసేటందుకు పోయిన అనుకున్న. వాళ్ళు నా చేతికి పలక ఇచ్చిండ్రు” అంది. నిజంగానే పలక. ప్లాస్టిక్‌ది, నీళ్ళలో రాయడానికి మామూలు పెన్సిలు. మొదటి వారమంతా నీళ్ళలో దిగనివ్వలేదట. బొమ్మలు చూపించి జాతుల పేర్లు కంఠస్థం చేయించి పరీక్ష పెట్టారట. పరీక్షలో తప్పినవాడు దిబ్బ చూడవచ్చు గాని పలక పట్టకూడదు. తరగతిలో ఒక కుర్రవాడు “షార్కును చూసినావా అక్కా” అని అడిగాడు. చూసిందట. దాని పేరు తమ లెక్క కాగితంలోని వరుసలో లేదు గనక కాగితం కింద విడిగా రాసిందట.

ఆ పిల్ల చెప్పిన దాంట్లో నాకు నచ్చింది ఈ క్రమశిక్షణే. 2009 నుంచి 2018 మధ్య ప్రపంచంలోని పగడాల్లో 14 శాతం పోయాయని 2021లో ఒక పెద్ద నివేదిక వచ్చింది. 73 దేశాల్లో 12,000కు పైబడిన చోట్ల నుంచి తెచ్చిన కొలతల మీద అది నిలబడింది. శాస్త్రజ్ఞులు ఎంతమంది ఉంటే మాత్రం అన్ని చోట్లా ఏటేటా మునగగలరు? పలక పట్టిన మామూలు మనుషులు లేకపోతే ఇలాంటి సంగతులు చాలామటుకు మనకు తెలియనే తెలియవు.

ప్రకటనల్లో మాత్రం లెక్క గురించి తక్కువ, నాటడం గురించి ఎక్కువ చెబుతారు. విరిగిపడిన పగడపు కొమ్మలను ఏరి, తాళ్ళకో ఇనుప చట్రాలకో కట్టి, నీళ్ళలోనే నారుమడి పెంచి, పెరిగాక దిబ్బ మీద నాటుతారు. మన వరినాట్ల వంటిదే అనుకోండి. నారుమడిలో కలుపు కూడా తీయాలి. చట్రాల మీద పట్టిన నాచును స్వచ్ఛంద సేవకులు పళ్ళు తోముకునే బ్రష్‌తో గంటల తరబడి రుద్దుతారు. విసుగు పుట్టే పని. ఫొటోలో అందంగా కనబడదు. మన దేశంలో కూడా తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ పరిశోధన సంస్థవారు 2002 నుంచి మన్నార్ సింధుశాఖలో ఇలా పగడాలను నాటుతూ వస్తున్నారు. అక్కడ ఒకప్పుడు సున్నం కోసం దిబ్బలనే తవ్వి పడవలకెత్తేవారు.

ఈ నాట్ల మీద నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. మంచి పనే. కానీ దీని వల్లనే దిబ్బలు బతుకుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అమెరికాలోని ఫ్లోరిడా దీవుల దగ్గర ఏళ్ళ తరబడి ఎందరో స్వచ్ఛంద సేవకులు నారు పెంచి నాటారు. 2023 జులైలో సముద్రం అసాధారణంగా వేడెక్కింది. తీరానికి దగ్గర ఒక చోట నీరు 38 డిగ్రీలు చూపింది. సాంబ్రేరో అనే దిబ్బ దగ్గరికి నెల ఇరవయ్యో తేదీన వెళ్ళి చూస్తే, నాటిన పగడాలన్నీ చచ్చిపోయి ఉన్నాయని అక్కడ పని చేసే సంస్థే ప్రకటించింది. మిగిలిన నారుమళ్ళలోని పగడాలను పెరికి, పడవల మీద ఒడ్డుకు తెచ్చి, తొట్లలో పెట్టి బతికించుకున్నారు. పంట కోసే ముందు వరద వస్తే రైతు ఎలా ఉంటాడో మనకు తెలుసు. కానీ ఆ తొట్లలో దాచిన మొక్కలే తరువాత విత్తనం. కనుక ఆ పని వృథా అనను. అది ఇల్లు తగలబడుతున్నప్పుడు పెట్టె బయటికి లాగడం వంటిది. మంట ఆర్పడం వేరే పని.

ఇక మారిషస్ సంగతి చెప్పాలి. ఆ దీవి పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో చెరుకు తోటల కూలికి మన తూర్పు తీరం నుంచి, కోరింగ వంటి రేవుల నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారి సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది. ఉగాదికి ఆ దేశంలో సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. ఆ దీవి చుట్టూ పగడపు దిబ్బల కట్ట ఉంటుంది. 2020 జులై 25న వకాషియో అనే పెద్ద సరుకుల ఓడ, జపాను కంపెనీది, దారి తప్పి ఆగ్నేయ తీరంలో పాంట్ దెస్నీ దగ్గర దిబ్బకు ఢీకొని కూరుకుపోయింది. ఆగస్టు 6 నుంచి నూనె కారడం మొదలై, సుమారు వెయ్యి టన్నుల చమురు నీళ్ళలో కలిసింది. నల్లటి జిడ్డు తీరం వైపు వస్తూ ఉంటే జనం ప్రభుత్వం కోసం చూస్తూ కూర్చోలేదు. చెరుకు ఆకు, ఎండు చెత్త గోనెల్లోనూ బట్టల్లోనూ కుక్కి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, పొడుగాటి దండల్లాగా కుట్టి సముద్రంలో అడ్డంగా వేశారు. నూనె పీలుస్తుందని తల వెంట్రుకలు కత్తిరించి ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వేలమంది వచ్చారు, అన్ని మతాలవాళ్ళు, అన్ని భాషలవాళ్ళు. ఏ చెరుకు కోయడానికి తాతముత్తాతలు ఓడల్లో వచ్చారో ఆ చెరుకు ఆకుతోనే మనుమలు ఓడ నూనెను ఆపారు.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు వాళ్ళలో ఎక్కువమందికి డైవింగ్ రాదు. బయటి నుంచి వచ్చే సేవకుడు తన పని అయ్యాక విమానమెక్కి పోతాడు. దిబ్బ ఎవరి ఊరి ముందు ఉందో వాళ్ళే రేపు కూడా అక్కడ ఉంటారు. కనుక విదేశంలో ఏ సంస్థలోనైనా చేరే ముందు మొదటి ప్రశ్న ఇది: అక్కడి జాలరి కుటుంబాల పిల్లలు మీతో పాటు ఈ పని చేస్తున్నారా, జీతం తీసుకుంటున్నారా, పడవ నడపడానికి మాత్రమే ఉన్నారా?

రెండోది డబ్బు. సేవ అన్నప్పుడు మనం ఎదురు డబ్బు కట్టడమేమిటని తల్లిదండ్రులకు అనుమానం. భోజనం, బస, పడవ, డీజిలు, గాలి సిలిండర్లు, నేర్పే మనిషి, ఇవన్నీ ఎవరో భరించాలి గదా. రుసుము ఉండడం తప్పు కాదు. చాలాచోట్ల నాలుగు వారాలకే లక్ష దాటుతుంది, విమానం ఖర్చు వేరే. కానీ ఆ డబ్బు దేనికి పోతుందో చెప్పమనండి. గడిచిన రెండు మూడేళ్ళ సర్వే కాగితాలు చూపించమనండి, ఆ లెక్కలు ఎవరికి పంపుతారో అడగండి. చూపించగలిగినవాడు సంతోషంగా చూపిస్తాడు. రాజురా వైపు కుర్రవాడొకడు ఇంకో దేశానికి వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చాడు. ఒక్క లెక్కా రాయించలేదట. రోజూ అదే గుట్ట చుట్టూ తిప్పి, ఫొటోలు తీసి, ఒక సర్టిఫికెట్టు చేతిలో పెట్టారట. అది విహారయాత్ర. విహారయాత్ర చేయడంలో తప్పు లేదు, దానికి సేవ అని పేరు పెట్టి అప్పు చేయించడంలో ఉంది. వీసా సంగతి కూడా చూసుకోండి. కొన్ని దేశాల్లో పర్యాటక వీసా మీద వచ్చి జీతం లేని పని చేసినా చట్టవిరుద్ధమే.

ఇప్పుడు ప్రాణం సంగతి. డైవింగ్ నేర్చుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. దానికి ముందు ఈత రావాలి. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. వర్ధాలో మునక వేసి వచ్చినంత మాత్రాన ఈత వచ్చినట్టు కాదు. మొదటి తరగతి పాసైనవాడు 18 మీటర్ల లోతు దాకా వెళ్ళవచ్చు. నీళ్ళలో ప్రతి పది మీటర్లకూ గాలి పీడనం ఇంకో వంతు పెరుగుతుంది. అంటే పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల మీద ఒడ్డు మీద కంటే రెట్టింపు ఒత్తిడి. కాబట్టి సిలిండరు గాలి పీలుస్తూ పైకి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు. గాలి వ్యాకోచించి ఊపిరితిత్తి చిరిగిపోతుంది. మెల్లగా రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఉబ్బసం, గుండెజబ్బు, చెవిలో చీము ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించకుండా దిగకూడదు. ఫారంలో జబ్బు లేదని అబద్ధం రాయకూడదు. జలుబు చేసిన రోజు దిగితే చెవి పోతుంది. ఆఖరి డైవింగ్ తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మన పిల్లలు సెలవు చివరి రోజు దాకా మునిగి, ఆ సాయంత్రమే విమానానికి టికెట్టు తీసుకుంటారు. అది ప్రమాదం. డైవింగ్‌కు వర్తించే బీమా ఉందా, రక్తంలో గాలిబుడగలు కడితే చికిత్స చేసే పీడన గది ఎంత దూరంలో ఉందో, ఇవి బయలుదేరే ముందే తెలుసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు జ్ఞాపకంగా పగడపు ముక్క తేవద్దు. దిబ్బలు కట్టే పగడాలకు మన చట్టంలో పులికి ఉన్నంత రక్షణ ఉంది. విమానాశ్రయంలో పట్టుకుంటారు.

నన్నడిగితే, మొదటిసారికి విదేశం అక్కర్లేదంటాను. మన మహారాష్ట్రలోనే మాల్వణ్ దగ్గర 1987లో ప్రకటించిన సముద్ర అభయారణ్యం ఉంది. అక్కడ చిన్నవే అయినా పగడాలున్నాయి. పక్కనే తార్కర్లీలో రాష్ట్ర పర్యాటక సంస్థవారి డైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది. నేను చెప్పిన అమ్మాయి మొదట మునిగింది అక్కడే. మరాఠీలో నేర్పారు గనక భయం తీరిందట. అండమాన్ దీవుల్లో, లక్షద్వీప్‌లో మంచి దిబ్బలున్నాయి. మన విశాఖలో రుషికొండ దగ్గర డైవర్లు సముద్రంలో దిగి, తెగిపోయిన వలలు, ప్లాస్టిక్ బయటికి లాగుతున్నారు. ఇక నీళ్ళే వద్దనుకుంటే, మన ఊళ్ళో ఎకో-ప్రో సంస్థ పిల్లలు 2017 నుంచి గోండు రాజుల కోటగోడ మీద మొలిచిన ముళ్ళపొదలు కొట్టి, చెత్త ఎత్తి శుభ్రం చేసిన సంగతి మీ అందరికీ తెలుసు. తెల్లవారుజామున లేచి నెలల తరబడి పలుగు పట్టినవాడికి, నీళ్ళ కింద బ్రష్ పట్టడం కష్టం కాదు.

ఒక సంగతి మిగిలింది. దీన్ని చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మన జిల్లాలో ఉండి చెప్పకపోతే దొంగతనం అవుతుంది.

ఆ అమ్మాయి ఇంటికి వచ్చిన రాత్రి, తెల్లబడ్డ పగడాల ఫొటోలు తండ్రికి చూపించిందట. ఆయన పాతికేళ్ళుగా గనిలో ఉన్నాడు. “నీళ్ళు ఎందుకు వేడెక్కినై బిడ్డా?” అని అడిగాడు. బొగ్గు, పెట్రోలు మండినప్పుడు పోయే వాయువు గాలిలో దుప్పటిలా పరుచుకుంటుందనీ, ఆ దుప్పటి కింద పెరిగిన వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రమే మింగుతోందనీ చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదట. తరువాత “మేం తీసిన బొగ్గేనా?” అన్నాడు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. “మనదొక్కటే కాదు నాయినా. మనది గూడ ఉంది” అంది.

మన చంద్రపూర్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఆ కరెంటు మన ఇళ్ళలో కంటే దూరపు నగరాల్లో ఎక్కువ వెలుగుతుంది. బూడిద మాత్రం మన మిద్దెల మీద పడుతుంది. ఆ పొగ గొట్టాల కింద వేలమంది బతుకుతున్నారు. మా బడిలో పిల్లల ఫీజు ఆ జీతాల నుంచే వస్తుంది. నా జీతం కూడా అక్కడి నుంచే అనుకోండి. గనిలో దిగినవాడిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. కానీ భూమి వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయనీ, రెండు డిగ్రీలయితే దాదాపు ఏవీ మిగలవనీ 2018లో ప్రపంచ శాస్త్రజ్ఞుల సంఘం చెప్పింది. విదేశానికి పోయి నారుమడి బ్రష్‌తో తోమి వచ్చే చాందా పిల్లవాడికి, ఆ వేడి ఎక్కడి నుంచి బయలుదేరిందో తెలిసి ఉండాలి. తెలిసి వెళ్ళినవాడు తిరిగి వచ్చి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. గనులు మూతపడే రోజు వస్తే ఈ కుటుంబాలకు ఏం పని చూపిస్తారని అడుగుతాడు. ఎండ ఇంత మండే ఊళ్ళో బడి కప్పు మీద సౌర పలకలు ఎందుకు లేవని అడుగుతాడు. మా తొమ్మిదో తరగతివాళ్ళు ఈ రెండో ప్రశ్న నన్నే అడిగారు. హెడ్మాస్టరు గారికి అర్జీ రాయించాను. జవాబు ఇంకా రాలేదు.

ఆ అమ్మాయి వచ్చే సెలవుల్లో మళ్ళీ అదే దీవికి, అదే టేపు దగ్గరికి వెళ్తోంది. ఈసారి తండ్రి వద్దనలేదు. అక్కడ నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో వారానికోసారి ఫోను చేసి చెప్పమన్నాడట.